చెయ్యి పోయిన జాగా

మా అన్నకు కుడిచెయ్యి పోయినప్పుడు కంపెనీవాళ్లు లారీ ఇచ్చారు. కిరాయి అడగలేదు. పైగా అందులో ఒక బియ్యం సంచి కూడా వేసి పంపారు. ఈ సంగతి మా ఊళ్లో చాలారోజులు మెచ్చుకోలుగా చెప్పుకున్నారు. "ఎంత మంచోళ్లో చూడు, ఉత్తగనే లారీ ఇచ్చిండ్రు" అని మా అమ్మ పలకరింపుకు వచ్చినవాళ్లందరికీ చెప్పేది. ఇన్నేళ్లయినా ఆ లారీ గుర్తొస్తే నాకు ఒళ్లు మండుతుంది.

మాది మర్రిగూడ దిక్కు, పాలమూరు జిల్లా పొలిమేర మీది ఊరు. వాన పడితే ఇంత పత్తి, ఇన్ని కందులు. పడకపోతే వలస. ఫ్లోరైడు ఉన్న బోరింగు నీళ్లు తాగి తాగి మా అమ్మ నడుము ముసలితనం రాకముందే వంగింది, మోకాళ్లు బిగుసుకుపోయాయి. అందుకని ఆమె వలస పోలేదు. నేను పది పాసయ్యాను కాబట్టి ఊళ్లోనే అంగన్‌వాడీ నడుపుతూ ఉండిపోయాను. పోయింది మా అన్నా, వదినే. తొంభైల్లో మాట ఇది. దేశంలో ఎక్కడ డ్యాము కట్టినా, ఎక్కడ కాలువ తవ్వినా మావాళ్లే. మా ఊరికి మాత్రం కాలువ లేదు.

దసరా పోయాక గుంపులు కదిలేవి. గుంపంటే ఒక మేస్త్రి, అతని వెంట పోయే ఆడా మగా. మేస్త్రి అంటే ఎవరో పెద్ద గుత్తేదారు అనుకునేరు. మనూరివాడే, మన చుట్టమే. అతనూ కూలివాడే, కాకపోతే కంపెనీతో మాట్లాడేది అతను. మా గుంపు మేస్త్రి మా మేనమామ, అమ్మకు సొంత తమ్ముడు. బయల్దేరే రోజు మామ ప్రతి ఇంటి గడప దగ్గరికీ తానే వచ్చి మనిషిని తోలుకుపోవాలి. ఆ ఇంటి పెద్ద ఆడమనిషి బొట్టు పెట్టి, "తోల్కపోయినట్టే తోల్కరా" అనాలి. మామ "నీ గడపల అప్పజెప్త" అనాలి. ఇది మా గుంపుల్లో కట్టుబాటు. ఏ రాష్ట్రంలో ఏమైనా సరే, బతికినా చచ్చినా, మనిషిని తెచ్చి ఆ గడప దగ్గర అప్పజెప్పాల్సిందే. పరాయి గడ్డ మీద మనిషిని వదిలేసి వచ్చిన మేస్త్రి వెంట మరుసటేడు కుక్క కూడా పోదు.

ఈ కట్టుబాటు మంచిదే. నిజంగానే మంచిది. కంపెనీలకు కూలీల పేర్లు కూడా తెలియని కాలంలో మనిషికి మనిషి జమానతు ఉండడం చిన్న సంగతి కాదు. కానీ ఆ మంచినే వాళ్లు ఎలా వాడుకున్నారో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ఆ ఏడు గుంపు పొరుగు రాష్ట్రంలో ఒక పెద్ద కాలువ పనికి పోయింది. అన్నను కంకర మిషను మీద పెట్టారు. బండరాయి ఒక దిక్కు వేస్తే నలిగి ఇంకో దిక్కు తిరిగే రబ్బరు పట్టా మీద కంకరై వచ్చే మిషను అది. ఆ పట్టా తిరిగే చక్రానికి ఇనుప జాలీ ఉండాలి. ఉండేదట, విరిగిపోతే మళ్లీ పెట్టలేదు. రాయి ఇరుక్కున్నప్పుడల్లా మిషను ఆపి తీయాలి. ఆపితే సూపర్‌వైజరు అరుస్తాడు. అన్న ఆపకుండానే చెయ్యి పెట్టాడు. అందరూ అట్లాగే పెట్టేవాళ్లు. వదినె అప్పుడు కొంచెం దూరంలో కంకర తట్ట ఎత్తుకుంటున్నది. మోచెయ్యి కిందనుంచి తెగిపోయింది.

కంపెనీ కంపౌండరు గుడ్డలతో గట్టిగా కట్టు కట్టి ఒక సూది వేశాడు. మామ మతి పోయి నిలబడి ఉంటే ఇంజనీరే దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యేసి, "ఇక్కడి ఆసుపత్రుల్లో మీ భాష ఎవరికీ రాదు. మీవాళ్ల మధ్య ఉంటే తొందరగా కోలుకుంటాడు. మీ ఊరికి తీసుకుపో, లారీ నేనిస్తా" అన్నాడట. మామకు అంతకంటే కావాల్సిందేముంది? అక్క కొడుకును అక్క గడపకు చేర్చాలన్నదొక్కటే ఆయన మనసులో ఉన్నది. ఆ ఇంజనీరు దేవుడిలా కనిపించాడట.

దేవుడే మరి! అరగంట దూరంలో పెద్దాసుపత్రి ఉందని తర్వాత తెలిసింది. అక్కడ చేర్పిస్తే డాక్టరు రాసుకుంటాడు. పోలీసులకు చెప్తాడు. ఎక్కడ తెగింది, ఏ మిషనులో తెగింది, ఎవరి పనిలో తెగింది అంతా కాయితం మీదికి ఎక్కుతుంది. మనిషిని లారీ ఎక్కించి రాష్ట్రం దాటిస్తే గాయం కూడా వాళ్ల హద్దు దాటిపోతుంది. మా మేస్త్రులు మనిషిని వదలకుండా ఇంటికి తెచ్చుకుంటారని వాళ్లకు బాగా తెలుసు. ఏళ్లతరబడి మావాళ్లతో పని చేయించుకున్నవాళ్లకు తెలియకుండా ఎట్లా ఉంటుంది?

లారీ పొద్దున్నే మా వాకిట్లో ఆగింది. మామ అన్నను ఎత్తుకుని దింపి, గడప ముందు అమ్మ ఒళ్లో పడుకోబెట్టి, "అక్కా, తోల్కచ్చిన" అని మట్టిలో కూలబడ్డాడు. అన్నకు స్పృహ లేదు. గుడ్డలన్నీ నల్లగా గట్టిపడి ఉన్నాయి. అమ్మ ఏడవలేదు. "బతికిచ్చి తెచ్చినవు తమ్మీ" అని మామ తల నిమిరింది.

అదే లారీలో నల్లగొండ దవాఖానకు తీసుకుపోయాం. డాక్టరు మళ్లీ కొంత కోసి కుట్టాల్సి వచ్చింది. "మొదట ఎక్కడ చూపించారు? ఆ కాయితాలేవి?" అని ఆయన అడిగాడు. మా దగ్గర బియ్యం సంచి ఉన్నది. కాయితం లేదు.

అన్న చాలారోజులు ఆ దవాఖానలోనే ఉన్నాడు. పక్క మంచం మీద ఒక ముసలి సాయబు ఉండేవాడు. ఆయన కొడుకు నల్లగొండలోనే వకీలు. తండ్రి కోసం రోజూ వచ్చేవాడు. ఒకరోజు అన్న కట్టు చూసి, ఏమైందని నన్ను అడిగాడు. నేను చెప్పాను. లారీ సంగతి కూడా, మా అమ్మ చెప్పినట్టే మెచ్చుకుంటూ చెప్పాను. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. స్టూలు దగ్గరికి జరుపుకుని కూర్చున్నాడు.

"బిడ్డా, జర ధ్యానం పెట్టి విను. పనిల దెబ్బ తాకితే పరిహారం ఇయ్యాలని కానూను ఉన్నది. అది ఖైరాతు కాదు, హక్కు. అంగ్రేజోళ్ల జమానా నుంచి ఉన్నది."

"మావోడు మిషను ఆపకుండ చెయ్యి పెట్టిండు సాబ్. తప్పు మాదే గద?" అన్నాను.

"గట్లనే అంటరు. మనిషన్నంక జర ఏమరుపాటు అయితది. ఏమరుపాటు అయ్యిందని చెయ్యి పోయినోని హక్కు పోదు."

"మేము కంపెనీ మనుషులం కాదు. మా మామ గుంపుల పోయినం."

"అదిగో, గదే వాళ్లకు గావాల్సింది. పని ఎవరిదమ్మా? కాలువ ఎవరు కడుతున్నరు, మీ మామనా? పని ఎవరిదైతే జిమ్మా వాళ్లది. నడుమ మేస్త్రి ఉన్నా, ఇంకొకడు ఉన్నా, కానూను ముందుగాల కంపెనీనే పట్టుకుంటది."

ఇంకో మాట కూడా చెప్పాడు. కొన్నేళ్ల కిందటిదాకా అయితే చెయ్యి ఎక్కడ పోయిందో ఆ రాష్ట్రానికే పోయి దావా వేయాల్సి వచ్చేదట. ఇప్పుడు మారింది, మనం ఉన్నచోటే వేసుకోవచ్చు. కానీ గడువు దాటనియ్యొద్దు. మరొకటి, దావాలో కంపెనీతో పాటు మామ పేరు కూడా రాయాలి. మధ్యలో ఉన్నది ఆయనే కాబట్టి.

ఈ చివరి మాట దగ్గరే మా ఇల్లు రెండుగా చీలింది. మామ పేరు మీద నోటీసు పోవడమంటే మా ఊళ్లో మామ మీద కేసు వేయడమే. అమ్మ అన్నం మానేసింది. "బతికిచ్చి తెచ్చినోని మీదనే కేసు ఏస్తవా? నీ సదువు తగలబడ" అని నన్ను తిట్టింది. పెద్దమనుషులు అరుగు మీదికి పిలిచి, "మేనమామను కచేరికి గుంజుతరా? రేపు మీ ఇంటికి ఎవడన్న ఒస్తడా?" అన్నారు. కంపెనీని ఒక్కరు ఒక్క మాట అనలేదు. కంపెనీ కనిపించదు కదా! మామ కనిపిస్తాడు. అందుకే మధ్యలో ఒక మామను పెట్టుకుంటారు. ఆ అరుగు ముందు నిలబడి నాకు ఎంత కోపం వచ్చిందంటే, కళ్లల్లో నీళ్లు వచ్చాయి.

అన్న సంగతి వేరు. దవాఖాన నుంచి వచ్చాక గోడ దిక్కు తిరిగి పడుకునేవాడు. ఎడమచేత్తో తినడం రాక, ఎవరైనా చూస్తుంటే తినేవాడు కాదు. వదినె తలుపు దగ్గరికేసి ముద్దలు పెట్టేది. ఆమె ఎవరితోనూ మాట్లాడేది కాదు. ఆ రోజు ఏం జరిగిందని ఎవరైనా అడిగితే లేచి పోయేది. కూలి చేసే ఇంట్లో కుడిచెయ్యి పోతే ఆ ఇల్లు ఏమవుతుందో నేను వేరే చెప్పక్కర్లేదు. పరిహారం వస్తే నాలుగు బర్రెలు కొనుక్కుని ఊళ్లోనే బతుకుతారు. రాకపోతే వదినె ఒక్కతే మళ్లీ కంకర తట్ట ఎత్తడానికి పోవాలి. మా ముందున్నది అదొక్కటే.

ఇంతలో కంపెనీ తరఫున ఒకడు మోటరు సైకిలు మీద మామ ఇంటికి వచ్చి పోయాడు. పండ్లు కూడా తెచ్చాడు. దావాలో సాక్ష్యం చెప్తే వచ్చే ఏడు ఈ గుంపుకు పని ఉండదన్నాడు. ఒకవేళ కంపెనీ పరిహారం కట్టాల్సి వస్తే అదంతా మేస్త్రి దగ్గర వసూలు చేసుకునే హక్కు కూడా కంపెనీకి ఉందని బెదిరించి పోయాడు. వకీల్ సాబ్‌ను అడిగితే, "కానూనుల ఆ మాట గూడ ఉన్నది" అన్నాడు. ఎంత చక్కటి చట్టమో చూడండి! ఉన్నవాడి దగ్గర ఇప్పించమని ఒక చేత్తో రాసి, దాన్ని లేనివాడి దగ్గర గుంజుకోవచ్చని ఇంకో చేత్తో రాశారు. మామకున్నదల్లా రాళ్ల చెలక. దాన్ని అమ్మినా ఆ కంపెనీ జీపు టైర్లు రావు.

మామ కొన్నాళ్లు మా వాకిట్లోకి రాలేదు. వచ్చిన రోజు గడప బయటే నిలబడి, నాతో, "నా పేరు రాయి బిడ్డా. సాచ్చెం గూడ చెప్త" అన్నాడు. అమ్మ లోపలినుంచి వద్దని అరిచింది. "అక్కా, తోల్కపోయినట్టే తోల్కస్త అని అన్ననా లేదా? మొత్తం మనిషిని తోల్కపోయిన. తక్కువ చేసి అప్పజెప్పిన" అన్నాడు. మామ అంత మాట అన్నాక అమ్మ ఆయన్ని గడప లోపలికి పిలిచింది.

దావా వేశాం. వాయిదాలు పడ్డాయి. నల్లగొండ లేబరాఫీసుకు పోవడం, చెట్టు కింద కూర్చోవడం, కంపెనీ వకీలు రాలేదని తిరిగి రావడం. ఆఖరికి ఆయన వచ్చాడు. హైదరాబాదు నుంచి, తెల్ల అంబాసిడర్లో. గదిలో ఒక పక్క ఆయన, ఇంకో పక్క మా వకీల్ సాబ్, ఎదురుగా తీర్పు చెప్పే లేబరాఫీసు అధికారి. వెనక బెంచీ మీద నేను, అన్న, వదినె. అమ్మ రాలేకపోయింది.

మామ నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాడు. కంపెనీ వకీలు మర్యాదగానే అడిగాడు. ఆ మర్యాద చూస్తేనే భయమేసింది.

"మీరు చెప్పిన రోజున మా పనిలో ఏ ప్రమాదమూ జరగలేదు. జరిగితే అక్కడి ఆసుపత్రిలో ఎందుకు చేర్పించలేదు?"

"మా ఇంటికి తోల్కరావాలె గద సార్. మా రివాజు గది."

"చెయ్యి తెగి రక్తం పోతున్న మనిషిని దగ్గర్లో ఆసుపత్రి ఉండగా అంత దూరం లారీలో తెచ్చారా? నమ్మమంటారా?"

"లారీ మీ ఇంజనీరు సారే ఇచ్చిండు."

"కంపెనీ లారీలు కూలీల కోసం పెట్టలేదండీ." ఆయన అధికారి వైపు తిరిగాడు. "ఇతనికి చెయ్యి పోయిన మాట నిజం, కాదనడం లేదు. సొంత ఊళ్లో ఏ గిర్నీలోనో, ఏ చెరుకు మిషనులోనో పోయి ఉంటుంది. మేనమామ, మేనల్లుడు కలిసి దాన్ని మా మీదికి తోస్తున్నారు. మా జాగాలో జరిగిందనడానికి ఒక్క ఆధారం ఉంటే చూపించమనండి."

మా దిక్కు చెరుకే పండదు. తాగడానికి నీళ్లు లేని చోట చెరుకు మిషను! నాకు లేచి ఆయన కోటు పట్టుకోవాలనిపించింది. మావాళ్లు ఇంటికి తెచ్చుకుంటారని వాళ్లే లారీ ఇచ్చి, ఎందుకు తెచ్చుకున్నారని వాళ్లే అడుగుతున్నారు. వకీల్ సాబ్ ఏదో చెప్పబోతున్నాడు.

అప్పుడు మా వదినె లేచింది. దావా వేసినప్పటినుంచీ ఆమె నోట ఒక్క మాట విన్నవాళ్లం కాదు.

"సార్, నా పెనిమిటి చెయ్యి ఆడ్నే ఉన్నది" అన్నది.

అధికారి తలెత్తాడు. కూర్చోమనలేదు.

"పట్టాల ఇరికింది తీసి నా కొంగుల కట్టుకున్న. లారీ ఎక్కేముందు కాలువ కట్ట కింద మా మామా నేనూ బొందవెట్టినం. మిషనుకు ఎడమదిక్కు, నీళ్ల డ్రమ్ముల ఎన్కకు. పైన రాయి పెట్టిన. వేలుకు మా లగ్గంనాటి ఎండి ఉంగరం ఉండె, దాన్ని తియ్య మనసొప్పలే. నమ్మకపోతే పోయి తవ్వుకోండ్రి. జాగా నేను చూపిస్త."

మామ తల గోడకు ఆనించాడు. మా ఇంట్లో ఎవరికీ ఈ సంగతి తెలియదు. వాళ్లిద్దరూ ఇన్నాళ్లు కడుపులో దాచుకున్నారు.

కంపెనీ వకీలుకు మాత్రం కోపం వచ్చింది. నిజంగా కోపమే, మొహం ఎర్రబడింది. "మా సైటులో, మా కట్ట కింద, ఎవర్ని అడిగి పాతిపెట్టావు?" అన్నాడు.

అన్నాక ఆగాడు. కానీ అనేశాడు. పక్కన టైపు చేసే అతని చేతులు కూడా ఆగిపోయాయి. అధికారి కళ్లద్దాలు తీసి కాసేపు ఆయన్నే చూసి, టైపు చేసే అతనితో మెల్లగా, "ఆమె చెప్పింది రాసుకో. ఈయన అడిగింది కూడా అట్లనే రాసుకో. తవ్వించి చూడడానికి కంపెనీకి అభ్యంతరం ఉందేమో వచ్చే వాయిదాకు చెప్పమను" అన్నాడు.

వచ్చే వాయిదాకు కంపెనీ వకీలు తవ్వకం ఊసే ఎత్తలేదు. ప్రమాదం జరగలేదన్న మాట కూడా మళ్లీ అనలేదు. తీర్పు మాకే వచ్చింది. కంపెనీ కట్టింది. మామ చెలక జోలికి మాత్రం ఎవరూ రాలేదు, బహుశా మళ్లీ ఆ కట్ట మాట ఎత్తడం వాళ్లకు ఇష్టం లేకపోయి ఉంటుంది. అన్నా వదినె బర్రెలు కొనుక్కున్నారు. మామ గుంపుకు ఆ కంపెనీ మళ్లీ పని ఇవ్వలేదు. ఊళ్లో కొందరు దానికి మా ఇంటినే తిట్టుకున్నారు, ఇప్పటికీ తిట్టుకుంటారు.

గెలిచారు కదా, ఇంకా కోపమెందుకని నన్ను అడుగుతుంటారు. చెయ్యి లేని మనిషి ఎదురుగా కూర్చుని ఉన్నాడు. చూసినవాళ్లు సాక్ష్యం చెప్తున్నారు. అయినా అది నమ్మించడానికి ఒక ఆడది తన మొగుని చెయ్యిని నలుగురి ముందు తవ్వి తీస్తానని చెప్పాల్సి వచ్చింది. చట్టంలో హక్కు ఉన్నదని వకీల్ సాబ్ చెప్పింది నిజమే. ఆ హక్కు దగ్గరికి పోయే దారిలో మమ్మల్ని ఇంత దిగజారుస్తారని మాత్రం ఎక్కడా రాసి లేదు. నా కోపం దానికి.

వదినె ఆ మాట చెప్పిన రోజు గదిలోంచి బయటికి వచ్చి అందరం గేటు పక్కన చాయ్ బండి దగ్గర నిలబడ్డాం. అన్న ఎడమచేత్తో చాయ్ గ్లాసు పట్టుకుని తాగకుండా నిలబడ్డాడు. చెయ్యి ఏమైందని అతను ఇన్నాళ్లూ ఎవర్నీ అడగలేదు. పరాయి వకీలు ముందు, నలుగురితో పాటే అతనికీ తెలిసింది.

కాసేపటికి వదినె దిక్కు తిరిగి, "పైన రాయి పెద్దదే పెట్టినవా?" అని అడిగాడు. "కుక్కలు తియ్యకుండా?"

"పెద్దదే పెట్టిన" అన్నది వదినె.